గుల్ల

గోడలకు చెవులుంటాయంటారు.
నాకు జీతమిచ్చేది మాత్రం
వాటికి నోరు కూడా ఉందని నమ్మినందుకు.

ఇజ్మీర్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల
మార్తి అపార్ట్‌మెంట్. సముద్రపు పిట్ట పేరు.
ఎనిమిది అంతస్తులు, ముప్పై రెండు గడపలు,
ఒకే ఒక్క లిఫ్టు, అందులో ఎప్పుడూ
ఎవరో వేయించిన వంకాయల వాసన.
పోయిన చలికాలం భూమి పదకొండు సెకన్లు కదిలింది.
ఏమీ కూలలేదు.
కూలలేదు గనకే నన్ను పిలిచారు.

పుచ్చకాయ కొనేదానిలా
పిల్లరు పిల్లరునూ సుత్తితో తడుతూ పోతాను.
ఖంగుమంటే ముందుకు.
బోలుగా పలికితే సుద్దతో సున్నా చుట్టి
పక్కన రాస్తాను: గుల్ల.

నాలుగో అంతస్తులో ముకద్దెస్ అనే ఆవిడ
పగులు మీది పెళ్ళి ఫొటో తీయనివ్వలేదు.
"సున్నం పగిలిందంతే" అంది.
ఫొటో కిందుగా వేలు పెట్టాను,
గోరు మొత్తం దిగింది.
పగులుకు అడ్డంగా గాజుముక్క అతికించి తేదీ వేశాను.
గోడ కదిలితే ముందు గాజు విరుగుతుంది.
రోజూ పొద్దున్నే దాన్ని గుడ్డతో తుడుస్తోందట,
విరక్కు తల్లీ అని.

కింద కర్టెన్ల కొట్టు.
షోకేసుకు అడ్డమని మూల పిల్లరును
జానెడు చెక్కించి, పైన నిలువుటద్దం బిగించారు.
ఇరవై ఏళ్ళుగా అందులో చూసుకుంటున్నారు
గుడ్డ భుజాన వేసుకుని ఆడవాళ్ళు.
అద్దం వెనక మేడంతా ఒంటికాలి మీద.

డ్రిల్లు పెట్టి ముక్క తీశాం,
పిడికిలంత లావు, మూరెడు పొడవు, తడితడిగా.
కంకర ఉండాల్సిన చోట ఆల్చిప్ప,
చెక్కు చెదరలేదు, లోపల ఇంకా గులాబీ రంగు.
ఒడ్డున ఎత్తుకొచ్చిన ఇసుక. కడగలేదు.
నలభై ఏళ్ళు ఉప్పు చువ్వల్ని నాకుతూ కూచుంది.
సుద్దతో నేను రాసిన మాటే
రూపం కట్టి అరచేతిలో పడింది.

మూడు రోజులుగా ఒక ముసలాయన
చెప్పులీడ్చుకుంటూ నా వెంట.
పేరు దుర్సున్. నిలవనీ అని అర్థం,
ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే పెట్టే పేరు.
నాలుగో రోజు నోరు విప్పాడు:
"అక్కడ కాదు. మెట్ల కింద రెండోది."
కొట్టాను. ఖంగుమంది.
"ఇంకా కిందికి."
మోకాలి ఎత్తులో సుత్తి ముక్కు లోపలికి పోయింది.

"ఆ రాత్రి వాన. లారీ ఆలస్యం.
మాలు గట్టిపడుతోంటే నీళ్ళు వదలమన్నాడు మేస్త్రీ.
గొట్టం పట్టింది నేనే, పంతొమ్మిదేళ్ళు.
అడుగున ఖాళీ సిమెంటు సంచి పడింది.
తీయడానికి బద్ధకించాం."

తెలిసీ ఇందులోనే ఇల్లు కొన్నావా?

"చవగ్గా ఇచ్చారు."
కాసేపాగి అన్నాడు:
"ఎక్కడ కొన్నా
ఎవడో ఒక దుర్సున్ పోసిందే కదా."

నా ఫారంలో 'బాధ్యులు' అని ఒక గడి ఉంది.
మేస్త్రీ పోయాడు, కాంట్రాక్టరు పోయాడు,
కంపెనీ మూడుసార్లు పేరు మార్చుకుంది.
మిగిలినవాడు నాకు టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

బీముల కింద జాకీలు పెట్టాం.
చెడ్డదంతా గట్టిది తగిలేదాకా చెక్కాం,
తుప్పును ఇనుప బ్రష్షుతో మెరిసేదాకా తోమాం.
బెత్తెడు బెత్తెడుకీ కొత్త రింగు.
పోసే రోజు మాలు బిగుసుగా ఉందని
ఒక కుర్రాడు గొట్టం అందుకున్నాడు.
దుర్సున్ ఏమీ అనలేదు,
గొట్టం మీద కాలేసి నిలబడ్డాడు,
చివరి తట్ట పడేదాకా.

ఇరవై ఎనిమిదో రోజు వచ్చి కొట్టి చూశాను.
ఖంగుమంది.
పైకెళ్తే
నాలుగో అంతస్తులో గాజు విరిగి ఉంది.
"గుడ్డ తగిలిందమ్మా" అంది ముకద్దెస్,
నా కళ్ళలోకి చూడకుండా.
అయి ఉండొచ్చు.

కొత్త గాజు అతికించి
ఈ రోజు తేదీ వేశాను.