పిన్ను వంగొద్దు

రాత్రి పదకొండున్నరకు చేతికొచ్చింది అనుమతి కాయితం.
"నాలుగింటికల్లా లేపాలె" అన్నది సూపరింటెండెంటు మేడం,
సర్వర్ గురించి కాదు, మత్తిచ్చిన మనిషి గురించి అన్నట్టు.

నల్లగొండ పెద్ద దవాఖాన, మెట్ల కింది గది.
వాచ్‌మన్ జానయ్య స్టూలు తెచ్చి ఏసి
"గుండె మారుస్తున్నవా బిడ్డా దీనికి?" అన్నడు.
గుండె కాదు తాతా, అనబోయి ఊకున్న.
లెక్కలు చేసే బిళ్ళ అంటే
ఇంత రాత్రి మేలుకున్న మనిషికి చిన్నతనమైతది.

ముందు తీగలు. కరెంటుకు రెండున్నయి, రెండూ పీకిన.
పీకినంక గూడ పవర్ బటన్ ఒత్తి పట్టుకున్న,
చచ్చిన పామును మల్లోసారి కట్టెతోని కదిపి చూసినట్టు.
మణికట్టుకు పట్టీ, పట్టీ తీగ ఇనుప చట్రానికి.
"దుప్పటి దులిపితే రాలే మిణుగురు ఉంటది సూడు,
అదొక్కటి చాలు, లక్షన్నర బుగ్గి."
మక్బూల్ సార్ రిటైరై ఆరేండ్లు.
మాట మాత్రం ఇంక డ్యూటీలనే ఉన్నది.

హీట్‌సింక్ మరలు
ఈ మూలకు సగం, ఎదురు మూలకు సగం.
ఒక్క దిక్కే విప్పితే పల్లెం ఒరిగిపోతది.
కింద పాత పేస్టు, గోడ మీది సున్నం లెక్క ఎండి.
తుడిచేటందుకు వార్డుల స్పిరిట్ ఇస్తనన్నది నర్సు శోభారాణి.
వద్దన్న. దాంట్ల ఆముదం కలుపుతరు,
జిడ్డు మిగులుతది. నాది నేను తెచ్చుకున్న.

పాత బిళ్ళను అంచులు పట్టి లేపిన.

అప్పుడు కనవడ్డది సాకెట్.
ఫోను లైటు అడ్డంగ పట్టి చూసిన:
మూడువేల పైచిలుకు పిన్నులు,
ఒక్క గాలికే ఒక్క దిక్కు ఒంగిన వరినారు లెక్క.
అట్ల ఒంగుడు వాటికి కుదురే.
పక్కదాన్ని కాదని ఒక్కటి ఇంకింత ఒంగితే
మల్ల నిలవెట్టే తెలివి ఎవలకూ లేదు.

మా చిన్నాయన వీరస్వామిది మర్రిగూడ దిక్కు.
బోరు నీళ్ళు తియ్యగుంటయని
ఇంటికొచ్చినోళ్ళకు పోసి మురిసేటోడు.
ముప్పైయ్యైదుకు మెడ తిరగకపాయె.
ఎవలన్న పిలిస్తే
మనిషి మనిషంత తిరగాలె, తలుపు తిరిగినట్టు.
ఆయన వెన్ను ఫోటో
ఇగో, ఈ పెట్టెలనే ఉన్నది.

ఊపిరి బిగవట్టిన.
కొత్త బిళ్ళ మూలకు చిన్న బంగారు త్రికోణం,
సాకెట్ మూలకు ఇంకోటి.
రెండూ ఎదురువడ్డంక వదిలిన. ఒత్తలె.
ఒత్తొద్దు. దాని బరువుకు అదే కూసుంటది.
కూసోలేదంటే తప్పు నాదే.
కూసున్నది.

పేస్టుకు కొలత మా అవ్వ నేర్పింది, తమలపాకు మీద:
సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతది,
తక్కువైతే పండదు.

మల్ల మరలు. ఈ మూలకు కొంచెం, ఎదురు మూలకు కొంచెం.

బటన్ ఒత్తంగనే ఫ్యాన్లు బోరుమన్నయి.
తెర నల్లగ.
రెండు నిమిషాలు. నాలుగు.
"లేస్తదా?" అంటడు జానయ్య.
మెమరీ లెక్కవెట్టుకుంటది తాతా, జర ఆగాలె అంటనే ఉన్న,
ఆ మాట నాకే నమ్మకం లేదు.
ఆరో నిమిషానికి తెల్లటి అక్షరాలు.
వేడి నలభై ఒకటి.

మూడుంబావు. ఇంక టైమున్నది.
పరీక్షకు ఏదో ఒక ఫైలు తెరవాలె.
ఏదో ఒకటి అనుకుంటనే చిన్నాయన పేరు కొట్టిన.

వచ్చింది వెన్ను, సుద్దముక్క తెలుపు,
వంగిన కాడ వంగినట్టే.
ఒక్క చుక్క చెరగలె.

పాత బిళ్ళను ప్లాస్టిక్ డబ్బల వెట్టి
మీద తారీఖు రాసిన.
జానయ్య చాయ తెచ్చిండు, రెండు గిలాసలు.
పట్టీ ఇంక మణికట్టుకే ఉన్నది,
విప్పబుద్ధి కాలె.