తరుగు

మెట్లు పద్దెనిమిది.
పోయిన కార్తీకంలో పన్నెండో మెట్టు మీద
కనకవల్లి కూర్చుండిపోయి
"ఇంక చాల్లెండి" అనింది.
మోకాళ్ళ గురించో, ఇంటి గురించో
అప్పుడు నేనడగలేదు.

మేడ అద్దెకిచ్చి
కింద ఒంటి గదిలోకి దిగిపోదామని
ఆ పొద్దే తేల్చేసింది.
గ్రీమ్స్‌పేటలో పదడుగుల గదిలోకి
ముప్పైనాలుగేండ్లు పట్టాలంటే
ఏదో ఒకటి బయట ఉండిపోవాల.

హాల్లో మూడు చాపలు పరిచింది.
ఉంచేవి. ఇచ్చేవి. అమ్మేవి.
నాలుగో చాప ఎవరూ పరచలేదు,
సాయంత్రానికి వట్టి నేల మీద
అదే ఒక గుట్టయి లేచింది:
రేపు చూద్దాం అనేవి.

గొడుగులు పదకొండు.
ఒక్కటీ తెరుచుకోదు.
పెండ్లిండ్లలో వచ్చిన స్టీలు డబ్బాలు,
వాటి మూతలు వేరే ఇండ్లకు కాపురానికి పోయినట్టుండాయి.
మోకాలెత్తు ఊరగాయ జాడీ,
కడగాలంటే ఇప్పుడు ఇద్దరం కావాల,
తినేదానికి మాత్రం ఒక చెంచా.
ఆమె కుట్టుమిషను ఏ చాప మీదికీ పోలేదు.
నేనూ దాని జోలికి పోలేదు.

ఒక నోటుబుక్కు పెట్టుకోనుంది.
ఏది ఎవరికి, ఎప్పుడు.
కొన్నిటికి ఎదురుగా "ఇప్పుడే".
కొన్నిటికి "తర్వాత".
ఆ తర్వాత అనే మాట
ఆమె రాతలో పాలలెక్క మాదిరే ఉండాది,
వణుకు లేదు, కింద గీత లేదు.
ఫించను కాయితాలు, నామినీ, లాకరు తాళం
ఉప్పుజాడీ వెనక పసుపు సంచిలో అని
నాచేత మూడుసార్లు చెప్పించింది,
ఎక్కం అప్పజెప్పించుకున్నట్టు.

మర్నాడు పొద్దున్నే చెంగల్రాయుడొచ్చినాడు,
వీధిలో పాత సామాన్ల బండి,
చేతిలో కొక్కెం తక్కెడ.
నా ఫైళ్ళు గోతంలో కూరి తగిలించినాడు.
ముల్లు కదిలిన తీరు చూస్తానే
నా వెన్నులో ఏదో నిటారుగా లేచింది.
తూనికలు కొలతల శాఖలో ముప్పైయొక్క ఏండ్లు!
బెల్లం మండీలో నేనడుగు పెడితే
తూకంరాళ్ళు గోనెల కింద దాక్కునేవి,
అంగళ్ళు గొంతు తగ్గించేవి.
కిలోకి నూటయాభై తింటాండాది ఆ ముల్లు.
సెక్షను నంబరు నాలిక చివరికొచ్చింది.

కనకవల్లి నా మొహం చూసింది.
కాఫీ తెచ్చింది.
నాకు కాదు, వాడికి.

అమ్మే చాప చివర
ఐదు కిలోల ఇనపరాయి,
శాఖ వేలంలో నేనే కొనుక్కున్నది.
అడుగున సీసం బిళ్ళ మీద
నా చేత్తో కొట్టిన ముద్ర.
వాడు ఒక చేత్తో లేపి
"ఐదుంటాది సామీ" అన్నాడు,
అలవాటు చొప్పున కొక్కేనికి తగిలించినాడు.

నాలుగుంపావు.

ముగ్గురం ముల్లునే చూస్తా ఉండిపోయినాం.
వంటింట్లో కుళాయి కారేది వినపడింది.
"తుప్పు పట్టి... తరిగిపోయినట్టుంది సామీ,"
చూపు గోతంలో దాచుకున్నాడు.

ఒక్క క్షణం నిజమే అనిపించింది.
నలుగురు కూలోళ్ళు మూలుగుతా ఎక్కించిన బీరువా
నిన్న ఇద్దరే దించేసినారు.
నా పేరు ముందర ఇన్‌స్పెక్టరు ఎప్పుడు రాలిపోయిందో,
పాలబ్బాయికి నేను మేడమీది తాతని.

ఎవరు ముందు నవ్వినామో తెలీదు.
నవ్వొచ్చని అర్థమయ్యేదానికి
వాడికి కాస్త టైము పట్టింది.

తక్కెడ వెనక మూత విప్పి
స్ప్రింగు మరను నేనే సరిచేసిచ్చినాను.
ఫీజు తీసుకోలేదు.
అంతదాకా తూచినవి మళ్ళీ తూచమనీ అన్లేదు.

ఇనపరాయి అమ్మలేదు.
కింది గది తలుపు గాలికి ఊరికే కొట్టుకుంటాది.
కనకవల్లి నోటుబుక్కు తెరిచింది.
"రాయి. ఎవరి పేరు రాయమంటారు?"
"చెంగల్రాయుడు."
"ఎప్పుడు?"

"తర్వాత" అన్నాను.

రాసుకోని,
మళ్ళీ గొడుగుల దగ్గరికి పోయింది.