పూర్తి అని రాసే గడి

కొత్తపేట డాక్టరు నా గొంతులోకి చిన్న అద్దం పెట్టి చూసి
స్వరతంత్రుల మీద కాయలు కాశాయమ్మా అన్నాడు,
బండి లాగేవాడి అరచేతుల్లాగా.
నెల్లాళ్ళు మాటొద్దు. గుసగుస అసలే వద్దు.
పలక కొనుక్కోండి.

పలక మీద రాసి చూపించాను సెకండియర్ బైపీసీకి:
పాఠాలు ఇక మీవి. చీటీలు తీయండి.
వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను
ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి.
అక్కణ్ణించి బోర్డు ఇంత దూరమని,
ఫ్యాను కిర్రుమంటే సగం మాట అందదని
ఎవరూ చెప్పలేదు నాకు.
చెప్పే ఉంటారు.

ఏసుపాదం వాళ్ళమ్మ చీర తెచ్చాడు,
చిలకపచ్చ మీద మామిడిపిందెలు.
ఒక కొస కిటికీ ఊచకి కట్టి
బెంచీల మధ్యగా తలుపు దాకా లాగి
దీనికింకో మూర కలిపితే మన చిన్నపేగు అన్నాడు.
ఇదంతా లోపల యాడ పడుతుందిరా?
బీరువాలో పట్టట్లా? మడతేసుకోవాలి.
పేగు లోపలి ముడతల గురించి
ఏటేటా నేను కుస్తీ పట్టే చోట
వాడు కుచ్చిళ్ళు పట్టి చూపించాడు.

బాజీకి ఊపిరితిత్తులొచ్చాయి.
వాయుకోశాల బొమ్మ సగం గీసి ఆగిపోయాడు.
మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయ ముచ్చికలు తీస్తది.
ఇంటికొచ్చి కొంగు దులిపితే మేం నలుగురం దగ్గుతాం.
అమ్మ దగ్గదు.
దగ్గెందుకొస్తదో పుస్తకంలో ఉంది.
అమ్మకెందుకు రాదో లేదు. ఎందుకు మేడం?
చేతిలో పలక ఉంది, బలపం ఉంది.
తెలియదు, అని రాశాను.
క్లాసంతా ఆ మాటని పైకి చదివింది
కొత్త పదం చూసినట్టు.

మస్తాన్‌బీ తప్పు చెప్పింది,
ధమనులన్నిట్లో మంచి రక్తమే అని.
బెంచీ కింద నా కాలు కొట్టుకుంది.
అంతలో, పుపుస ధమనిలో కాదు, అని ఒక గొంతు.
సుభాషిణి.
ఏడాదిన్నరగా హాజరు పిలిస్తే చెయ్యెత్తిన పిల్ల.
కీచుగా ఉంది గొంతు. బాగుంది.

చివరి చీటీ ఎవరూ తీయలేదు.
మడత విప్పకముందే అందరికీ తెలుసు.
ఆ పేజీలు దగ్గరికొచ్చేసరికి నేను
ఇళ్ళ దగ్గర చదువుకోండి, మార్కులొచ్చే పాఠం, అనేసి
డస్టర్ దులిపి వెళ్ళిపోయేదాన్ని.

నాకివ్వండి అంది మస్తాన్‌బీ.
మొన్న తప్పు చెప్పాగా, బాకీ ఉన్నా.
బోర్డు ముందు నిలబడి వాచీ చూసుకుంది:
నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. ఒక నిమిషం టైము.
నిమిషం చాలా పొడుగు.
ఇరవయ్యో సెకనులో ఒకడు మొదలెట్టి
ఒంటరివాడై ఆపేశాడు.

అప్పుడు పిడికిలి పైకెత్తింది.
గర్భాశయం ఇంత.
నెలనెలా ఈ కండరం ఇట్టా బిగుసుకుంటది. అదే నొప్పి.
విప్పింది. బిగించింది.
ముందు వరస ఆడపిల్లల చేతులు
ఒళ్ళో వాటంతటవే ముడుచుకున్నాయి.

ఏసుపాదం చెయ్యెత్తాడు. భయపడ్డాను నేను.
మా చెల్లి గోడకానుకుని కూర్చుంటది ఆ రోజుల్లో.
వేణ్ణీళ్ళ సీసా పెడితే తగ్గుద్దా?
కొంత తగ్గుద్ది, అంది.
వాడు నోట్సులో రాసుకున్నాడు.

సాయంత్రం స్టాఫ్‌రూం బీరువాలో పాత డైరీలు తీశాను.
ప్రతి డిసెంబరులోనూ నా గుండ్రటి దస్తూరీ:
ప్రత్యుత్పత్తి వ్యవస్థ. పూర్తి.
కింద పొడి అక్షరాల్లో సంతకం.
గొంతు పోయింది మొన్ననేనని
డాక్టరుకి చెప్పానుగా.

ఈ ఏటి డైరీలో బోధించినవారు అన్నచోట
మస్తాన్‌బీ, అని రాశాను.
పూర్తి అని రాసే గడి మాత్రం ఖాళీగా ఉంచాను.
ఇంకా ప్రశ్నలున్నాయట,
రేపు ఇంకో పీరియడ్ అడిగారు.