రెండు కొట్లు

చీమకుర్తిలో నన్ను మందు మస్తాను అంటారు.
కొత్తోళ్ళు తాగుబోతుననుకుంటారు.
చుక్క ముట్టను.
రామతీర్థం దారిలో, నల్లరాయి క్వారీలో
కొండని లేపే మందు నా చేతి మీదే పోయిద్ది,
ఇరవై రెండేళ్ళుగా.

మా పనికి ఒక్క మాట చాలు:
మందు ఒక కొట్లో, డిటొనేటరు ఇంకో కొట్లో.
మధ్యన కంచె,
రెండు తాళాలు, రెండు జేబులు.
ఒంటరిగా ఉన్న మందు ఒట్టి మట్టిముద్ద.
దాని పెట్టె మీద తలపెట్టి కునుకు తీసినోళ్ళని తిట్టి లేపా గానీ
ఎవడికీ ఏమీ కాలా.
ఆ రెండూ ఎదురుపడాల్సింది
రాతిలో తొలిచిన బెజ్జంలోనే,
సైరను మూడుసార్లు మోగాకనే.

రాత్రి పదకొండు.
నా పొట్టలో ఎవరో కుంపటి ఊదుతున్నారు.
పొద్దున టీ, మధ్యాన్నం టీ,
అన్నం క్యారేజీలో అట్టాగే ఇంటికొచ్చింది.
అవతల గదిలో నఫీసా పైకి చదువుతోంది,
ఇంటరు రెండో ఏడు, రేపు పరీక్ష:
"జఠర గ్రంథులలోని ముఖ్య కణాలు
పెప్సినోజెన్‌ను క్రియారహిత రూపంలో స్రవిస్తాయి."

క్రియారహితం అంటే ఏందమ్మా?

"అప్పుడే పని మొదలెట్టనిది, నాయనా.
మాంసాన్ని కోసే కత్తే అది.
కానీ పుట్టినచోట కోయకూడదు గదా,
దాన్ని కన్న కణం కూడా మాంసమేగా."

లేచి కూచున్నా.
మరి యాడ పేలిద్ది?

నవ్వింది.
"కడుపు సంచిలోకి దిగాక ఆమ్లం తగిలిద్ది.
ఒంటికి చుట్టుకున్న తోకముక్క ఒకటి
ఊడిపోయిద్ది.
ఇంక అది పెప్సిన్.
మొదట మేలుకున్నది పక్కదాని తోక కోసిద్ది,
అది దాని పక్కదాన్ని..."

వరస బెజ్జాలు. నాకు చెప్పాలా!
ఆ ఆమ్లం యాడిదే?

"అది వేరే కణాల్లో తయారవుద్ది."

వేరే కొట్లో.
జానెడు తోలుసంచిలో
లైసెన్సు అడిగేవాడు లేకుండా
పుట్టినకాడ్నుంచీ నేను మోసుకు తిరుగుతున్నా
రెండు కొట్లని.

ఏసోబు గుర్తొచ్చాడు.
నా మందుకి బెజ్జాలు తొలిచింది వాడే.
వాడి మందు వేరు,
షిఫ్టు దిగంగానే క్వార్టరు సీసా.
పోయిన వానల్లో
పొట్టలో పుట్టి ఈపుకి పాకిన నొప్పితో
ఆటోలో మెలికలు తిరుగుతుంటే
ఒంగోలు పెద్దాసుపత్రికి నేనే తీసుకుపోయా.
డాక్టరమ్మ చెప్పింది, అప్పుడు బుర్రకెక్కలా:
"పేగులోకి దిగాక లేవాల్సింది
క్లోమంలోనే లేచింది.
అది తనని తానే అరిగించుకుంటోంది."

కొట్లోనే పేలింది.
సైరను లేదు, ఎర్రజెండా లేదు,
పారిపొమ్మని అరిచే మనిషి లేడు.
నాలుగోరోజు దానమ్మ
వాడి చెప్పులు గుడ్డసంచిలో పెట్టుకుని
మా ఇంటి ముందునుంచే నడిచిపోయింది.
పలకరించలేకపోయా.

"పరగడుపున మందేసుకున్నావా నాయనా?"
ఏసుకున్నా.
నాకిచ్చింది ఆమ్లం కొట్టుకి ఇంకో తాళం,
ఇప్పుడు తెలిసింది.
కానీ తాళం ఒక్కటే సరిపోదు.
రాయి లేని చోట మందు పెడితే
ఏ గోడ పగిలిద్దో
మందు మస్తానుకే తెలవకపోతే ఎట్టా?

నఫీసా కంచం తెచ్చింది.
మజ్జిగన్నం, ఉడకేసిన బీరకాయ,
కారం ఒద్దందిగా డాక్టరమ్మ.
పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని ఎదురుగా కూచుంది,
క్యారేజీ సంగతి దానికి తెలిసిపోయినట్టుంది.

బిస్మిల్లా అన్నా.
ముద్ద నోటికాడికి పోయాక
అలవాటుకొద్దీ చుట్టూ చూశా,
దగ్గర్లో ఎవరన్నా ఉన్నారేమోనని.