అరువు ముక్కు

పోయిన చలికాలం ఫుల్క్రాన్‌కి జ్వరమొచ్చింది.
పోతూ పోతూ అది
వాసనను వెంటబెట్టుకుని పోయింది.
కాఫీ ఉత్త వేడినీళ్లు. తడిసిన కుక్క కూడా
ఎవరో కొత్త కుక్కలాగే ఉందట.
డెబ్బై ఒకటో ఏట,
యాభై కోతలు కోసిన మనిషి
పీపా మూత తీసి, ముక్కు లోపలికంటా పెట్టి,
గోడను చూసినట్టు చూశాడట.

అందుకని నన్ను పిలిచాడు.
ఊళ్లో ఇంతమంది ఉండగా నన్ను.

కోర్బియేర్ కొండల ఇవతలి వాలు మీద
మా నాన్న నాటిన నాలుగు హెక్టార్ల కరిన్యాన్ తీగల్ని
సర్కారు చెక్కు కోసం
వేళ్లతో సహా పీకించినవాణ్ణి నేను.
ఆ రోజు యంత్రం దిగుతుంటే
ఫుల్క్రాన్ గట్టు మీద నిలబడి టోపీ తీశాడు,
శవం దాటుతున్నప్పుడు తీసినట్టు.
ఆ తర్వాత పదకొండేళ్లు
మా ఇద్దరి మధ్య "ఎండగా ఉంది" తప్ప మాటల్లేవు.
ఇక్కడెప్పుడూ ఎండగానే ఉంటుంది.

సెప్టెంబరు చివరికి
పలకరాళ్లు పొద్దున్నే అట్లపెనం.
పందిరి లేదు, ఊతకర్ర లేదు,
మోకాలెత్తు మొద్దులు
ఎవరి బరువు వాళ్లే మోసుకుంటూ.
స్పెయిన్ నుంచి వచ్చిన ఎన్‌కార్నా
కత్తెరతో వేలు కోసుకుని
చీకి, "ఏది నెత్తురో ఏది రసమో" అంది,
మళ్లీ వంగింది.
ఉత్తరపు గాలి త్రామొంతాన్
మూడు రోజులు ఏకబిగిన వీచి
గుత్తుల మీద తేమను తుడిచి
మా తలల్లో బుద్ధిని కూడా తుడిచేసింది.

తొట్టి గదిలోకి ముందు కొవ్వొత్తి దించాలి.
ఆరిపోతే మనిషి దిగకూడదు.
ఫుల్క్రాన్ దించాడు, వెలుగుతోంది, దిగాడు.
సిమెంటు తొట్టికి చెవి ఆనించాడు,
చూలాలి పొట్టకు ఆనించినంత నెమ్మదిగా.
"మొదటిరోజు గుసగుస.
మూడోరోజుకి సంత.
ఇవాళ తొమ్మిదోది కదా,
ఎవరో ముసలమ్మ జపమాల తిప్పుతోంది.
ఇక నువ్వు చెప్పు."

పైకి తేలిన తొక్కల్ని కర్రతో లోపలికి తొక్కి
గ్లాసు ముంచాను.
"పుస్తకాల మాటలు వద్దు గైలార్.
బెర్రీలనీ మసాలాలనీ చదివావంటే పంపించేస్తా.
నేను ఎరిగినవే చెప్పు."

బళ్లో ఒలికిన సిరాబుడ్డి, అన్నాను.
తలూపాడు.
మీ కంచరగాడిద కళ్లెం, చెమటతో.
ఊఁ.
చెప్పు కింద నలిగిన కొండ వాము.
మీ అమ్మ నల్ల అత్తిపళ్లు ఉడికిస్తూ మాడబెట్టిన గిన్నె.
"మా అమ్మ ఏనాడూ మాడబెట్టలేదు,"
అని నొచ్చుకున్నాడు,
కాసేపాగి, "ఒకసారి," అన్నాడు.

రెండో తొట్టి కాస్త కోపంగా ఉంది, ఆ మాటే చెప్పాను.
మూలనున్నది చిన్నది, స్నానాలతొట్టికి ఎక్కువ, బావికి తక్కువ.
అక్కడ నాకు మాట రాలేదు.

"చెప్పవేం? చెడిపోయిందా?"
బాగుంది.
"బాగుంది అనేది వాసన కాదు."

గ్లాసులో ఇనుప ఊచ లాంటి ఎర్రమట్టి,
మా గుడిసె తలుపు,
మధ్యాహ్నం దాని నీడలో
నాన్న కోసిన ఉల్లిపాయ.
ఆ తలుపు కూడా లేదిప్పుడు.
అక్కడ ఎవరిదో పొద్దుతిరుగుడు చేను.

ఫుల్క్రాన్ నా వైపు చూడకుండా
కొవ్వొత్తి వత్తి సరిచేశాడు.
"పీకే ముందు రాత్రి వచ్చాను. చలి.
నలభై కొమ్మలు కోసుకుపోయి
ఉత్తరపు గట్టున అంటుకట్టాను.
ముప్పై ఒకటి బతికాయి.
దొంగతనమే. కావాలంటే పోలీసుకు చెప్పుకో."

బయట నాదేజ్ గొట్టం పట్టి బుట్టలు కడుగుతోంది.
కందిరీగలు తడినేల మీద తాగి తూలుతున్నాయి.
ఏదో ఒకటి అనాలి కదా,
ఇంకో గుక్క తాగి
"ఎండగా ఉంది," అన్నాను.

ఆయన అప్పటికే చెవి మళ్లీ తొట్టికి ఆనించాడు.
వేలెత్తి,
ఆగమన్నాడు.