మామ మీద అలక

సుక్రేలో మా ప్రొఫెసరమ్మ
బోర్డు మీద గంటలాంటి గీత గీసి
"నడుమ ఉన్నవాళ్ళు మామూలు మనుషులు,
అటూ ఇటూ అంచుల్లోకి జారినవాళ్ళ కోసమే మన చదువు" అంది.
నోటుబుక్కులోకి దింపుకున్నాను.
పొతోసీలో బస్సు దిగి తలెత్తితే
అదే గీత, ఎర్రమట్టితో, ఊరి నెత్తిన నిలబడి ఉంది.
వెండికొండ.

దాదాపు ఐదు వందల ఏళ్ళు తవ్వి తవ్వి
లోపలంతా బోలు చేశారు దాన్ని.
అందులోకి దిగేవాడి సగటు ఊపిరితిత్తి
దుమ్ముతో గట్టిపడిన ఊపిరితిత్తి.
నలభై దాటాక ఈల లేకుండా గాలి పీల్చేవాడు
గీత లెక్కన అంచుల్లోవాడు.
ఆ మాట ఫైలు మూల పెన్సిలుతో రాసి
పై అధికారి చూస్తాడని చెరిపేశాను.

క్లినిక్కంటే ఒక గది, రెండు కుర్చీలు,
కిరోసిన్ కంపు కొట్టే హీటరు.
బసీలియా మొగుణ్ణి రెక్క పట్టుకుని తెచ్చింది.
"టియోతో మాట్లాడటం మానేశాడు డాక్టరమ్మా."

టియో అంటే మామ.
గని లోపల మట్టితో చేసి కూర్చోబెట్టిన కొమ్ముల మామ.
నోట్లో సిగరెట్టు, ఒళ్ళో కోకా ఆకులు,
పైవాడి చూపు దిగని చోటికి యజమాని.
శుక్రవారం వస్తే అందరూ ఆయన ముందు చతికిలబడి
అప్పులూ తగాదాలూ కూతురి జ్వరమూ చెప్పుకుంటారు.

నా ఫారంలో ఐదో ప్రశ్న:
ఎదురుగా లేనివాళ్ళతో మాట్లాడతారా?
సెవెరో "లేదు" అన్నాడు.
ఆ లెక్కన ఆ రోజు
కొండ మొత్తమ్మీద ఆరోగ్యవంతుడు ఆయనొక్కడే.

నిద్ర? లేదు.
తిండి? బసీలియా తల అడ్డంగా ఊపింది.
పనికి వెళ్తున్నారా? "కాళ్ళు వెళ్తున్నాయి."
ఎవరికైనా హాని చేయాలనిపిస్తుందా?
చాలాసేపు హీటరు వైపు చూశాడు.
"ఎవరికీ ఏమీ చేయాలనిపించదు."

నేను చదివిన పుస్తకంలో నాలుగు కొలతలు.
అరుదుగా ఉండటం, ఆచారం తప్పడం, ఈ రెండూ ఊరి కళ్ళవి.
బాధ, లోపలి కన్నుది.
బతుకు పని సాగకపోవడం ఎవరి కన్నుదో తేలక
ఆ పేజీ దగ్గరే ప్రతిసారీ నాకు నిద్రొచ్చేది.

ఊరి కళ్ళ సంగతి నాకూ తెలుసు.
వచ్చిన కొత్తలో ఇంటావిడ దోన్యా ప్రిమిటీవా
గ్లాసుడు చీచా ఇస్తే గటగటా తాగేశాను,
నేలతల్లికి తొలి చుక్క వంచకుండా.
ఆవిడ గబుక్కున తన గ్లాసులోంచి రెండు చుక్కలు వంచింది,
ఒకటి తన పేర, ఒకటి నా పేర.
మర్నాడు బంగాళాదుంపల అంగట్లో నా వెనక గుసగుస:
"పాపం, చదివి చదివి అలా అయిపోయింది."

మూడోసారి వచ్చినప్పుడు చెప్పాడు సెవెరో.
డైనమైటు పేలాక, పొగలో,
ఫాబ్రిసియానోని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడట,
గొంతు పోయేదాకా.
"ఆ పొద్దున మామకి సిగరెట్టు నేనే వెలిగించాను.
బూడిద దాకా కాల్చాడు డాక్టరమ్మా.
పుచ్చుకున్నాడు. పుచ్చుకుని వాణ్ణి కూడా పుచ్చుకున్నాడు.
ఇంకేం మాట్లాడమంటారు?"

రాత్రి దీపం పెట్టుకుని దీనికి పేరు వెతికాను.
దగ్గరదగ్గరగా ఉన్నవి మూడు దొరికాయి,
పక్కన అంకెలతో సహా.
మర్నాడు బసీలియానడిగితే
ముల్లంగి కట్ట భుజం మార్చుకుంటూ తేల్చేసింది:
"అలిగాడు."

"వెళ్ళి తిట్టండి" అన్నాను ఆయనతో.
"మొహం మీదే. ఎంత కడుపు మండితే అంత."
అలా చెప్పమని ఏ పాఠంలోనూ లేదు.
చెప్పాక వారమంతా నాకే నిద్ర పట్టలేదు,
ఏ గడిలో టిక్కు పెట్టుకోను?

శనివారం తలుపు దగ్గర టోపీ విప్పుకుంటూ వచ్చాడు,
గొంతు బొంగురుపోయి.
"తిట్టారా?"
"తిట్టాను. నాకు తెలిసినవన్నీ అయ్యాక
మా నాన్న తిట్లు కూడా వాడాను."
"ఏమన్నాడు?" నోరు జారాను.
సెవెరో నన్ను ఎగాదిగా చూశాడు.
"మట్టిబొమ్మ మాట్లాడుతుందా డాక్టరమ్మా!"
అని నవ్వాడు. నవ్వు చివర ఈల.
బసీలియా గోడవైపు తిరిగి
కొంగు లేని శాలువా అంచుతో కళ్ళొత్తుకుంది.