నలభై ఏడో ప్రశ్న

నింపిన ఫారానికి నాలుగు వేల షిల్లింగులు నాకు.
సగం నింపింది లెక్కలోకి రాదు.
అందుకే పున్నమి వారంలోనే వస్తాను ఈ ఒడ్డుకి.
వెన్నెల ఉంటే చేప దీపానికి లొంగదు,
పడవలు బోర్లా పడుకుంటాయి,
ఆడవాళ్ళకి కాస్త నోరు విప్పే తీరిక.

దగా అంటే ఇక్కడ చేప.
చిటికెన వేలంత, ఎండితే గడ్డిపోచంత.
సరస్సు రాత్రంతా కక్కిన వెండిని
తెల్లారేసరికి ఇసుక మీద పరిచి
కాకుల్నీ కొంగల్నీ వానమబ్బునీ
ఒకే కర్రతో అదిలించడం న్యాంజిగే పని,
ముప్ఫై ఏళ్ళుగా.

నిరుడు ప్రాజెక్టు వాళ్ళొక తక్కెడ ఇచ్చారు.
పళ్ళేలు లేవు, ముల్లు లేదు. అంకెలు పచ్చగా వెలుగుతాయి.
తూచింది తూచినట్టు ఫోనులోకి,
ఫోనులోంచి మ్వాంజాలో బేరగాడికి,
డబ్బు తిరిగి ఫోనులోకి.
ఆరు నెలలు వాడింది.
తర్వాత దాని మీద ఉల్లిపాయల బుట్ట పెట్టింది.

నలభై ఏడు: ఎందుకు మానేశారు?
ఒకటి, ఖర్చు. రెండు, ఛార్జింగు. మూడు, శిక్షణ చాల్లేదు.
నాలుగు, నమ్మకం కుదర్లేదు.
తొమ్మిది, ఇతరములు. పక్కన
నలభై అక్షరాలు పట్టే గడి.

ఆమె జవాబు చెప్పలేదు, డబ్బా తెచ్చింది.
పాత నూనె డబ్బా, అంచు సొట్ట.
అంచు దాకా చేపలు పోసి "ఇది బేరం" అంది.
మళ్ళీ రెండు దోసిళ్ళు తీసి
పైన గుట్టగా పేర్చి, జారకుండా అరచేత్తో నిమిరి
"ఇది న్యోంగెజా" అంది.
కొసరు.

"ఈ కొసరు తిన్నవాడే, లుహెండే,
మా చిన్నదానికి మలేరియా ముదిరిన రాత్రి
లారీ ఆపి ఎక్కించుకున్నాడు.
వానలకి సరుకు కుళ్ళిన ఏడాది
పాత బాకీ ఊసెత్తకుండా ఉప్పు మూట దించి పోయాడు.
నీ తక్కెడ మీద కొసరు వేస్తే
దానికీ కలిపి ధర కట్టింది.
ఇవ్వబోతే కొనేసింది!"

గడిలో రాశాను: కొసరు వేసే వీలు లేదట.
సగం గడి మిగిలిపోయింది.
వచ్చేటప్పుడు నా సంచిలో దోసెడు చేపలు పోసింది.
బహుమతులు పుచ్చుకోరాదని నా ఒప్పందంలో ఉంది.
టమాటా వేసి వండుకున్నాం.

అక్కడితో ఆగితే నాకూ బాగుండేది.
నాలుగు పాకల అవతల ఎంబుకె ఉంది.
మొగుడు పోయాక ఏదో ద్వీపం నుంచి వచ్చి చేరింది.
ఆమెకెవరూ అప్పివ్వరు, ఆమె కోసం ఏ లారీ ఆగదు.
అందరి దగ్గరా రెండు దోసిళ్ళైతే
ఆమె దగ్గర నాలుగు,
అడిగి కాదు, డబ్బాలో చెయ్యి పెట్టి.
తక్కెడని కాంగా గుడ్డలో చుట్టి
పసిబిడ్డలా పక్కలో వేసుకుంటుంది.
ఛార్జింగుకి మూడు కిలోమీటర్లు నడుస్తుంది.
"ఇది నా మొహం చూడదు" అంది.
పొగడ్తే అది. ఎక్కడ రాయను?
మానేసినవాళ్ళని ఎందుకని అడుగుతుంది గానీ
వాడేవాళ్ళని అడగదు ఫారం.
నలభై ఏడు దాటేసి
నలభై ఎనిమిదికి దూకుతుంది.

మార్చిలో నివేదిక వచ్చింది. నున్నటి కాగితం.
అట్ట మీద న్యాంజిగే నవ్వుతోంది
(నా టోపీని గద్ద తన్నుకుపోయినప్పటి నవ్వు అది).
ఇతరములన్నీ కలిపి పదకొండు శాతం,
గుండ్రటి బొమ్మలో బూడిదరంగు ముక్క.
సిఫారసు: మరింత శిక్షణ.
ఆ శిక్షణకి నన్నే పిలిచారు, రోజుకి పదిహేను వేలు.
వెళ్తున్నాను. ఇంటి పైకప్పు రేకులు మార్చాలి.

ఆ రోజు ఫారం మూశాక ఎంబుకె అడిగింది:
"ప్రాజెక్టు అయిపోయాక
తక్కెడలు వెనక్కి తీసుకుపోతారా?"
అడగడమే నా పని, అన్నాను.
ఆమె తక్కెడ మూట
నా కళ్ళముందే
ఇంకొంచెం లోపలికి జరిపింది.